పాఠాంతరం నుంచి డిఫ్ దాకా: ప్రతుల పోలికలో ప్రమాణ నిర్ణయం – ఒక చారిత్రక పరిశీలన

సంగ్రహం:
ఒకే రచనకు చెందిన రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి భేదాలను గుర్తించడం గ్రంథ పరిష్కరణలో తొలి మెట్టు. ఈ పనిని ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో కంప్యూటర్ శాస్త్రం స్వతంత్రంగా, వేరే అవసరాల కోసం తిరిగి కనుగొన్నది. ఈ రెండు మార్గాల చరిత్రను కలిపి పరిశీలించి, పోలికకు తీసుకునే ఏకమానం (పంక్తి, పదం, అక్షరం, సంకేతబిందువు) ఏదైతే ఫలితం దానిని బట్టి మారుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. తెలుగు డిజిటల్ ప్రతుల పోలికకు అక్షరమే తగిన ఏకమానమని, పోలికకు ముందు చేసే సాధారణీకరణ పరిష్కర్త బాధ్యతేనని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలక పదాలు: పాఠాంతరం, సంశోధిత ముద్రణ, డిఫ్, సవరణ దూరం, అక్షరం, యూనికోడ్, సాధారణీకరణ.

1. ప్రవేశిక

తెలుగు కావ్యాలు, శతకాలు, నిఘంటువులు ఇప్పుడు విస్తారంగా డిజిటల్ రూపంలో లభిస్తున్నాయి. ఒకే గ్రంథానికి మూడు నాలుగు డిజిటల్ పాఠాలు ఉండడం సాధారణమైంది. ఒకటి పాత ముద్రణను చూసి టైపు చేసినది, మరొకటి అక్షర గ్రహణ సాఫ్ట్‌వేర్ ద్వారా సిద్ధమైనది, ఇంకొకటి పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చినది. వీటిలో ఏది దేనికి మాతృకో, ఎవరు ఎక్కడ సవరించారో ఎక్కువ సందర్భాల్లో ఆ ప్రతులు చెప్పవు. తాళపత్ర గ్రంథం చివర వ్రాయసకాడు తన పేరు, తిథి వారాలు రాసుకొనేవాడు. టైపు చేసిన ఫైలుకు ఆ పాటి గద్య కూడా ఉండదు. అందువల్ల ఈ ప్రతులను ఆధారం చేసుకొనే పరిశోధకుడికి వాటిని పోల్చి చూసుకోవడం తప్పనిసరి.

పోల్చే పరికరాలకు కొరత లేదు. రెండు ఫైళ్లను ఇస్తే క్షణంలో రంగులు వేసి భేదాలు చూపే సాఫ్ట్‌వేర్‌లు అందుబాటులో ఉన్నాయి. అవి చూపిన ప్రతి భేదమూ పాఠాంతరమేనా, అవి చూపనిచోట భేదం లేనట్టేనా అన్న ప్రశ్నలకు సమాధానం కావాలంటే ఆ పరికరాలు ఏ అవసరం కోసం పుట్టాయో, వేటిని కొలవడానికి రూపొందాయో తెలుసుకోవాలి.

2. చేతితో చేసిన పోలిక: పుణె భారతం

తెలుగులో అనేక వ్రాతప్రతులను సేకరించి, పండితుల చేత సరిపోల్పించి ప్రకటించే ప్రయత్నానికి సి.పి. బ్రౌన్ (1798–1884) కృషి ప్రసిద్ధమైన ఉదాహరణ. 1829లో ఆంగ్లానువాదంతో ఆయన ప్రకటించిన వేమన పద్యాలు అలాంటి సేకరణ ఫలితమే. అయితే పోలిక పద్ధతినే ఒక శాస్త్రంగా నియమబద్ధం చేసి, దానిని పాఠకుల ముందు పెట్టిన బృహత్కార్యం పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ చేపట్టిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ. 1919లో ప్రారంభమైన ఆ పని 1966లో ముగిసింది. 1925లో వి.ఎస్. సుక్థంకర్ ప్రధాన సంపాదకత్వం స్వీకరించారు. 1933లో పూర్తయిన ఆదిపర్వానికి ఆయన రాసిన విపులమైన పీఠిక నేటికీ భారతీయ గ్రంథ పరిష్కర్తలకు కరదీపిక.

ఆదిపర్వానికి తెలియవచ్చిన వ్రాతప్రతులు 235. వాటిలో 28 తెలుగు లిపిలోనివి. పాఠ నిర్ణయానికి వినియోగించినవి సుమారు 60. ఇన్ని ప్రతులను సరిపోల్చడానికి అనుసరించిన విధానం గమనించదగినది. అడ్డంగా, నిలువుగా గీతలు గీసిన పెద్ద కాగితంపై మొదటి వరుసలో ప్రచలిత పాఠంలోని ఒక శ్లోకాన్ని రాస్తారు. ఆ కింద ఒక్కొక్క వరుసను ఒక్కొక్క వ్రాతప్రతికి కేటాయిస్తారు. ఆ ప్రతిలో భేదం ఎక్కడ కనిపిస్తే అక్కడ, పై పాఠంలోని సంబంధిత భాగానికి సరిగ్గా కింద, ఆ భేదాన్ని అక్షరం అక్షరంగా నమోదు చేస్తారు.

ఇక్కడ రెండు నిర్ణయాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది, పోలికకు ఏకమానం అక్షరం. ధ్వని కాదు, పదమూ కాదు. వ్రాతప్రతుల్లో పదాల మధ్య ఖాళీలు ఉండవు కాబట్టి, లేఖకుడి చేయి కదిలేది అక్షరం వెంట కాబట్టి ఈ ఎంపిక సహజం. రెండవది, ఏ గడి కింద ఏది రాయాలన్న తీర్పు. ఒక ప్రతిలో రెండక్షరాలు ఎక్కువైతే తరువాతి అక్షరాలన్నీ జరిగిపోతాయి. అయినా సరైన గడి కిందనే సరైన అక్షరం పడాలి. దీనినే ఇప్పటి పరిభాషలో సమరేఖనం అంటున్నాం. పుణెలో ఆ పని చేసినది పండితుని కన్ను, భాషాజ్ఞానం, ఛందోజ్ఞానం.

ముద్రిత గ్రంథాల విషయంలో కంటికి యంత్రం తోడైంది. షేక్స్పియర్ నాటకాల 1623 నాటి తొలి సంపుటి ప్రతులను పోల్చడానికి చార్ల్‌టన్ హిన్‌మన్ 1940ల చివర ఒక దృశ్య యంత్రాన్ని రూపొందించారు. రెండు ప్రతుల్లోని ఒకే పుటను అద్దాల సాయంతో ఒకదానిపై ఒకటి పడేటట్లు, మార్చి మార్చి వెలిగేటట్లు అది చూపుతుంది. సమానమైనవి నిశ్చలంగా, తేడా ఉన్నవి కదులుతున్నట్లుగా కనిపిస్తాయి. ఈ యంత్రం అక్షరాన్ని చదవదు. బొమ్మను బొమ్మతో పోలుస్తుంది. అందువల్ల ఒకే అచ్చు కూర్పు నుంచి వచ్చిన ప్రతులకే అది పనికివస్తుంది. ప్రతి పరికరానికీ దాని ఏకమానం విధించే పరిమితి ఉంటుందనడానికి ఇది స్పష్టమైన నిదర్శనం.

3. ఆగమం, ఆదేశం, లోపం: భేదానికి గణిత రూపం

తెలుగు వ్యాకరణంలో సంధికార్యాలను ఆగమ, ఆదేశ, లోపాలుగా చెప్పుకోవడం మనకు పరిచితమే. నిరుక్త సంప్రదాయం శబ్దంలో కలిగే మార్పులను వర్ణాగమం, వర్ణవిపర్యయం, వర్ణవికారం, వర్ణనాశం అని నాలుగుగా పరిగణించింది. ఇరవయ్యో శతాబ్దిలో కంప్యూటర్ శాస్త్రజ్ఞులు రెండు అక్షరశ్రేణుల మధ్య భేదాన్ని నిర్వచించడానికి పూనుకొన్నప్పుడు దాదాపు ఇవే విభాగాలకు చేరుకొన్నారు. ఒకరి నుంచి ఒకరు గ్రహించారని దీని భావం కాదు. వరుసగా అమర్చిన వర్ణాల్లో మార్పు జరగడానికి ఉన్న మార్గాలు అవే.

1964లో ఫ్రెడరిక్ డామెరో కంప్యూటర్ ద్వారా వర్ణక్రమ దోషాలను గుర్తించే పద్ధతిని ప్రతిపాదించారు. ఒక అక్షరం తప్పు పడటం, ఒకటి తప్పిపోవడం, ఒకటి అదనంగా చేరడం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం అనే నాలుగింటిలో ఏదో ఒక్కటే జరిగిన దోషాలు 80 శాతానికి పైగా ఉన్నాయని ఆయన చూపారు. 1965లో సోవియట్ గణితవేత్త వ్లాదిమీర్ లెవెన్‌స్టీన్ సంకేత ప్రసారంలో దోషాల సవరణను అధ్యయనం చేస్తూ లోప, ఆగమ, ఆదేశాల ఆధారంగా ఒక కొలతను నిర్వచించారు. ఒక శ్రేణిని మరొకదానిగా మార్చడానికి కావలసిన కనీస సవరణల సంఖ్యే ఆ కొలత. దీనినే సవరణ దూరం అంటారు.

దీనిని లెక్కకట్టే విధానం 1970లో నీడిల్‌మన్, వున్ష్‌లు ప్రోటీన్ శ్రేణులను పోల్చిన పద్ధతిలోనూ, 1974లో వాగ్నర్, ఫిషర్‌లు అక్షరశ్రేణులకు ఇచ్చిన పద్ధతిలోనూ స్థిరపడింది. ఒక పాఠాన్ని పట్టిక పైభాగంలో, రెండవ దానిని ఎడమ అంచున రాస్తారు. ప్రతి గడిలోనూ అంతవరకు వచ్చిన భాగాల మధ్య కనీస భేదాన్ని నమోదు చేస్తూ పోతారు. చివరి గడిలో మొత్తం దూరం తేలుతుంది. వచ్చిన దారినే వెనుదిరిగి చూస్తే ఏది దేనికి సరిపోయిందో తెలుస్తుంది.

ఈ పట్టికకూ పుణె కాగితానికీ పైకి పోలిక ఉన్నా ముఖ్యమైన తేడా ఉంది. పుణెలో సమరేఖనం పండితుడు ముందుగా చేసి గడిలో నింపినది. ఇక్కడ సమరేఖనం గడులను నింపగా చివరికి తేలిన ఫలితం. మొదటిదానికి ఆధారం భాషాజ్ఞానం. రెండవదానికి ఆధారం సమానమా, కాదా అన్న ఒకే ఒక ప్రశ్న.

4. బెల్ ప్రయోగశాలలో డిఫ్

ఈ గణితం నిత్య వ్యవహారంలోకి వచ్చినది అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో. యూనిక్స్ వ్యవస్థలో రెండు ఫైళ్ల మధ్య భేదాన్ని చూపే ‘డిఫ్’ అనే ఉపకరణాన్ని డగ్లస్ మెకిల్‌రాయ్ రూపొందించారు. 1974 నాటి యూనిక్స్ ఐదవ కూర్పులో అది చేరింది. దాని పద్ధతిని జేమ్స్ హంట్, మెకిల్‌రాయ్ 1976లో సాంకేతిక నివేదికగా ప్రకటించారు. రెండు పాఠాల్లోనూ అదే వరుసలో కనిపించే అత్యంత దీర్ఘమైన ఉమ్మడి భాగాన్ని గుర్తించడం, మిగిలినదానిని భేదంగా చూపడం దాని సారాంశం.

వెయ్యేసి పంక్తులున్న రెండు ఫైళ్లకు పూర్తి పట్టిక వేస్తే పది లక్షల గడులు అవుతాయి. ఆనాటి యంత్రాలకు అది మోయరాని భారం. అందువల్ల వారు పంక్తినే ఏకమానంగా తీసుకొని, ఒక్కొక్క పంక్తిని ఒక సంఖ్యగా కుదించి, సరిపోలే పంక్తులను మాత్రమే పరిశీలించారు. ప్రోగ్రామర్ రాసే ఆదేశాలు పంక్తికి ఒకటిగా ఉంటాయి కాబట్టి ఆ ఎంపిక వారి అవసరానికి సరిపోయింది. ఫలితాన్ని చేర్పు, మార్పు, తొలగింపు అనే మూడు గుర్తులతో చూపారు. నిరుక్తంలోని నాలుగవదైన విపర్యయానికి అందులో చోటు లేదు.

తరువాతి పరిణామాలను సంగ్రహంగా చెప్పుకోవచ్చు. 1986లో యూజీన్ మైయర్స్ మరింత వేగవంతమైన పద్ధతిని ప్రకటించారు. రెండు పాఠాల మధ్య భేదాలు ఎంత తక్కువగా ఉంటే అది అంత త్వరగా ముగుస్తుంది. ఇదే సమయంలో ఒక ఫైలు యొక్క పూర్వ రూపాలన్నింటినీ భద్రపరిచే వ్యవస్థలు కూడా పెరిగాయి. 1972లో మార్క్ రోచ్‌కైండ్ ప్రారంభించినది, 1980ల తొలినాళ్లలో వాల్టర్ టిచీ రూపొందించినది, 2005లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ‘గిట్’ ఈ కోవలోనివి. వికీపీడియా, వికీసోర్స్ వంటి చోట్ల ప్రతి పుటకూ కనిపించే ‘చరితం’ కూడా ఈ ఆలోచనకు కొనసాగింపే. వ్రాతప్రతుల లోకంలో పరిష్కర్త ఊహించి నిర్మించవలసిన వంశవృక్షం ఇక్కడ తేదీలతో సహా నమోదై ఉంటుంది. అయితే ఆ వ్యవస్థలోకి రాకముందు పాఠానికి ఏమి జరిగిందో అది చెప్పలేదు.

5. కనిష్ఠ భేదం, వాస్తవ చరిత్ర

ఈ పరికరాలన్నీ వెతికేది అతి తక్కువ సవరణలతో ఒక పాఠం నుంచి మరొక పాఠానికి చేరే దారిని. లేఖకుడు నడిచిన దారి అదేనని చెప్పడానికి ఆధారం లేదు. రెండు అంశాలు దీనిని స్పష్టం చేస్తాయి.

మొదటిది దిశ. మొదటి ప్రతి, రెండవ ప్రతి అని మనం ఇచ్చిన వరుసనే పరికరం కాలక్రమంగా చూపుతుంది. వరుస మార్చి ఇస్తే లోపమన్నది ఆగమంగా మారుతుంది. ఒక పద్యం ఒక ప్రతిలో ఉండి మరొకదానిలో లేనప్పుడు అది ప్రక్షిప్తమా, గ్రంథపాతమా అన్నది గ్రంథ పరిష్కరణలో ప్రధానమైన ప్రశ్న. దానికి పరికరం వద్ద సమాధానం లేదు. రెండింటికీ మూలమైన మూడవ ప్రతి దొరికితేనే కొంత వెలుగు పడుతుంది.

రెండవది స్థానభ్రంశం. మహాభారత ఆదిపర్వంలో ఉత్తర సంప్రదాయం శకుంతలోపాఖ్యానాన్ని ముందు, యయాతి చరిత్రను తరువాత ఉంచుతుంది. దాక్షిణాత్య సంప్రదాయంలో యయాతి కథ ముందు వస్తుంది. నన్నయ ఆంధ్రమహాభారతంలోనూ యయాతి చరిత్ర తృతీయాశ్వాసంలో, శకుంతలోపాఖ్యానం చతుర్థాశ్వాసంలో ఉన్నాయి. నన్నయ ముందున్న సంస్కృత పాఠం ఏ శాఖకు చెందినదో ఆలోచించేటప్పుడు ఇది విలువైన సాక్ష్యం. సుక్థంకర్ తన పీఠికలో నన్నయ రచనను బాహ్యసాక్ష్యాల్లో ఒకటిగా స్వీకరించారు. ఈ రెండు సంప్రదాయాల పాఠాలను డిఫ్ వంటి పరికరానికి అందిస్తే, పొడవైన ఉపాఖ్యానాన్ని స్థిరంగా ఉంచి, పొట్టిదానిని ఒకచోట తొలగించినట్లు, మరొకచోట చేర్చినట్లు చూపుతుంది. ఏది కదిలిందన్న తీర్పు కేవలం పొడవును బట్టి వచ్చినది. దానికి చారిత్రక విలువ ఏమీ లేదు. పైగా, తొలగినదీ చేరినదీ ఒకే కథ అన్న సంగతి కూడా పరికరానికి తెలియదు.

6. తెలుగు పాఠానికి ఏకమానం ఏది?

ప్రోగ్రామర్‌కు పంక్తి సరిపోయింది. తెలుగు గ్రంథానికి సరిపోదు. వచన గ్రంథంలో పంక్తి ముద్రాపకుని ఇష్టం. పుట వెడల్పు మారితే పంక్తులన్నీ మారిపోతాయి. పాఠం ఒక్క అక్షరం కూడా మారకపోయినా పరికరం పుస్తకమంతా భేదమనే చూపుతుంది.

పాశ్చాత్య భాషల సాహిత్య పాఠాలను పోల్చే పరికరాలు సాధారణంగా పదాన్ని స్వీకరిస్తాయి. పదమంటే రెండు ఖాళీల మధ్య ఉన్న భాగం. తెలుగులో సంధి ఈ నిర్వచనాన్ని నిలవనీయదు. ఒక ప్రతిలో ‘రాముడు అడవికి’ అని, మరొకదానిలో ‘రాముడడవికి’ అని ఉన్నాయనుకొందాం. పదాల ప్రకారం మొదటి ప్రతిలోని రెండు పదాలూ పోయి కొత్త పదం వచ్చినట్టు. నిజానికి జరిగినది ఉత్వసంధి మాత్రమే. మిగిలిన అక్షరాలన్నీ యథాతథంగా ఉన్నాయి.

యూనికోడ్ సంకేతబిందువును ఏకమానంగా తీసుకొంటే మరో చిక్కు వస్తుంది. ‘వచ్చినాడు’, ‘వచ్చాడు’ అనే రూపాలను చూద్దాం. మొదటిది తొమ్మిది సంకేతబిందువులు, రెండవది ఏడు. పరికరం ప్రకారం రెండింటికీ మధ్య భేదం రెండు లోపాలు. పోయినవి చకారం మీది గుడి, దాని పక్కనున్న నకారపు హల్లు రూపం. అంటే ‘చ్చి’లో సగం, ‘నా’లో సగం. ‘నా’లో మిగిలిన దీర్ఘం వచ్చి ‘చ్చ’కు అతుక్కొన్నట్టు లెక్క. గణితపరంగా ఇందులో దోషం లేదు. కాని ఏ తెలుగు పాఠకుడూ ఈ భేదాన్ని ఇలా చదవడు. అక్షరాల ప్రకారం ‘వ’, ‘డు’ స్థిరంగా ఉండి, ‘చ్చినా’ స్థానంలో ‘చ్చా’ వచ్చింది. గ్రాంథిక రూపానికి వ్యావహారిక రూపం ఆదేశమైన సంగతి ఈ చూపులోనే బయటపడుతుంది.

పద్యం విషయంలో అక్షరానికి మరింత బలమైన ఆధారముంది. గణం, యతి, ప్రాస అన్నీ అక్షరాన్ని ఆశ్రయించుకొన్నవి. ఒక పాఠాంతరం వల్ల గురువు లఘువైనా, ఒక అక్షరం తగ్గినా గణభంగం కలుగుతుంది. లేఖకదోషాన్ని పట్టుకోవడానికి పరిష్కర్తలు తరతరాలుగా వాడుతున్న సాధనం ఇది. పోలిక అక్షరాల వెంట సాగితేనే దాని ఫలితాన్ని గణ విభజనతో జోడించి చూడటం వీలవుతుంది.

ఆంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఆలస్యంగానైనా ఈ దిశలోనే నడిచాయి. 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వెలువడినప్పటి నుంచి తెలుగుకు 128 స్థానాల విభాగం ఉన్నది. కాని ‘చ్చి’ వంటి సంయుక్త, ద్విత్వాక్షరాలను విడదీయరాని ఒకే అక్షర సముదాయంగా గుర్తించే సామాన్య నియమం 2023 నాటి 15.1 కూర్పులో చేరింది. దేవనాగరి, తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు అది వర్తిస్తుంది. అంతకుముందు నియమాలతో తయారైన పరికరాలు ‘చ్’ను, ‘చి’ని రెండుగానే లెక్కిస్తాయి.

7. సాధారణీకరణ: పోలికకు ముందే జరిగే తీర్పు

2009లో గోథెన్‌బర్గ్ సమావేశంలో కొందరు పాఠ పరిశోధకులు, సాఫ్ట్‌వేర్ నిర్మాతలు కలిసి యాంత్రిక పోలికను ఐదు దశలుగా విభజించారు. పాఠాన్ని ఏకమానాలుగా విడదీయడం, సాధారణీకరణ, సమరేఖనం, విశ్లేషణ, ప్రదర్శన ఆ దశలు. వీటిలో యంత్రం స్వయంగా నిర్వహించగలిగినది ప్రధానంగా మూడవది. మొదటి రెండింటికీ నియమాలు ఇవ్వవలసినది పరిష్కర్త.

తెలుగులో సాధారణీకరించవలసిన భేదాలు మూడు తెగలు. మొదటి తెగ కంటికి కనిపించనివి. ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వ చిహ్నం, దాని కింది ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని నమోదు చేయవచ్చు. చదువరికి రెండూ ఒకటే. యూనికోడ్ కూడా వాటిని సమానాలుగానే ప్రకటించింది. సాధారణీకరించకుండా పోల్చే పరికరం మాత్రం భేదమంటుంది. పంక్తి చివర ఉండే అదృశ్య సంకేతాలు వేర్వేరు వ్యవస్థల్లో వేరుగా ఉండడం కూడా ఇలాంటిదే. వీటిని నిస్సంకోచంగా ఏకీకరించవచ్చు.

రెండవ తెగ లిపి సంప్రదాయానికి చెందినవి. ‘పంకజము’, ‘పఙ్కజము’ రూపాల్లో ఉచ్చారణ ఒకటే, రాత వేరు. ఇవి పాఠాంతరాలు కావని అధికులు అంగీకరిస్తారు. అయితే ఒక ప్రతి ఏ కాలానిదో, ఏ లేఖక సంప్రదాయానిదో నిర్ణయించేటప్పుడు ఇవే ఆధారాలవుతాయి.

మూడవ తెగలో జాగ్రత్త మరీ అవసరం. అరసున్న, శకటరేఫ ఇక్కడివి. నేటి పాఠకుని సౌకర్యం కోసం ‘వాఁడు’ను ‘వాడు’గా, ‘వెఱపు’ను ‘వెరపు’గా మార్చిన డిజిటల్ ప్రతులు కనిపిస్తాయి. పోలికలో ఈ భేదాలను విస్మరించమని పరికరాన్ని ఆదేశించడం సులభం. కాని రేఫ, శకటరేఫల ప్రాస సాంకర్యం లాక్షణికులు చర్చించిన విషయం. ప్రాసస్థానంలో ఱకారం ఉన్నదా, రకారం ఉన్నదా అన్నది పాఠ నిర్ణయాన్నే మార్చగలదు. వచనంలో విస్మరించదగిన భేదం పద్యంలో ప్రాసస్థానానికి వచ్చేసరికి సాక్ష్యమవుతుంది. కాబట్టి ఈ తెగకు ఒకే నియమం చాలదు. భేదాన్ని చెరిపివేయకుండా, గుర్తించి వేరుగా వర్గీకరించడం మేలైన మార్గం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. డిఫ్ మొదలైన పరికరాలు గ్రంథ పరిష్కరణ కోసం పుట్టినవి కావు. ప్రోగ్రామ్ పంక్తుల మధ్య రూపభేదాన్ని వేగంగా చూపడానికి పుట్టినవి. వాటి పరిధిలో అవి కచ్చితమైనవి. కంటికి తప్పిపోయే తేడాను అవి వదలవు, అలసిపోవు. పుణెలో ఏళ్లు పట్టిన శ్రమలో యాంత్రికమైన భాగాన్ని అవి నిమిషాల్లోకి కుదించగలవు.

అయితే రూపభేదమంతా పాఠభేదం కాదు. రూపభేదం రెండు ప్రతుల మధ్య ఉంటుంది. పాఠభేదం ఒక రచన చరిత్రలో ఉంటుంది. మొదటిదాని నుంచి రెండవదానికి చేరడానికి ఏకమాన నిర్ణయం, సాధారణీకరణ నియమం, దిశా నిర్ణయం అనే మూడు మెట్లు ఎక్కవలసి ఉంది. మూడింటికీ భాషాజ్ఞానమే ఆధారం.

డిజిటల్ ప్రతులను ఆధారం చేసుకొనే తెలుగు పరిశోధనలు ఇకపై మూడు విషయాలను తమ పీఠికల్లో పేర్కొనడం అవసరం: ఏ ప్రతిని, ఏ తేదీన గ్రహించారు, పోలికకు ఏ ఏకమానం తీసుకొన్నారు, ఏ భేదాలను విస్మరించారు. సుక్థంకర్ తన గళ్ళ కాగితం విధానాన్ని పీఠికలో వివరించినందువల్లనే ఆ ముద్రణలోని నిర్ణయాలను తరువాతివారు పరీక్షించగలిగారు, విభేదించగలిగారు. రంగులు వేసి చూపే తెర మీది పోలికకు కూడా అదే పారదర్శకత వర్తించాలి. అలా జరగనిచో, ఏ సవరణ కవిది, ఏది లేఖకునిది, ఏది ఫాంటు మార్పిడిలో పడినది అన్న వివేచన రానున్న తరానికి సాధ్యపడదు. ఫైలును మార్చిన చేతికి గద్య ఉండదు కాబట్టి, ఆ గద్యను రాసిపెట్టే బాధ్యత పరిశోధకునిదే.